తిక్క వాల్వ్

పోయిన వారం వాల్వక్కను కౌన్సిల్ హాలు గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. వారం రోజులుగా అక్కడే ఉంది పాపం, కాళ్లు లాగేసి ఉంటాయి. చేతిలో నిలువెత్తు ఇనుప కీ. ఎదురుగా వాచ్‌మన్. "కడ్డీ పట్టుకుని లోపలికి పోకూడదమ్మా" అని అతను. "ఇది కడ్డీ కాదు నాయనా, నా ఉద్యోగం" అని ఆవిడ. వెనక మెట్ల మీద నలభైమంది పనివాళ్లు.

అసలు ఎందుకొచ్చారో కూడా చెప్పుకుందాం, ఒక సంచిక చేజారినవాళ్లు ఉంటారు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయని మనందరికీ తెలుసు. కుళాయి దాకా ఎలా వస్తాయో ఎవడికి పట్టింది! వీధికొక చోట రోడ్డు కింద ఇనుప వాల్వ్ ఉంటుంది. పైన మూత తీసి, పొడుగాటి కీ లోపలికి దింపి, ఏ వీధికి ఎప్పుడు, ఎన్ని చుట్లు తిప్పి నీళ్లు వదలాలో చూసుకునే మనుషులు ఈ ఊళ్లో నలభై ఒక్కమంది. మునిసిపాలిటీ కొత్త జీతాల పట్టిక తయారుచేస్తూ వాళ్లందరినీ తీసుకెళ్లి 'నైపుణ్యం అక్కర్లేని పనులు' అనే వరసలో పడేసింది. ఆ వరసలో పడితే జీతం పెరగకపోవడం ఒక్కటే కాదు, రేపో మాపో ఆ పని కాంట్రాక్టరు చేతికి పోతుంది. "మాది నైపుణ్యం ఉన్న పని కాదని కౌన్సిల్లో ఎవరైనా నిరూపిస్తే ఈ కీ మేయరు బల్ల మీద పెట్టి ఇంటికి పోతాను" అని మెట్ల మీద అందరి ముందూ అనేసింది వాల్వక్క. రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లుంది. ఇంట్లో సంపాదించే మనిషి తనొక్కతే. అయినా అనేసింది. ఆ మనిషి నోరు అంతే, తెరుచుకుంటే మూసుకోవడానికి కీ లేదు.

ఇక గుమ్మం దాటిద్దాం.

"ఎవరది? లోపలికి రానివ్వండి. ఆ ఇనుముతో సహా!" అని లోపల్నుంచి మేయరు గొంతు వినబడింది. ఆవిడ ఒకప్పుడు హైస్కూలు హెడ్మిస్ట్రెస్. ఇప్పటికీ బల్ల మీద చిన్న గంట పెట్టుకుని సభ నడుపుతుంది. ఆ గంట మోగితే అరవయ్యేళ్ల సభ్యులు కూడా చేతులు కట్టుకుంటారు. వాచ్‌మన్ పక్కకు జరిగాడు.

హాల్లో గుర్రపు నాడా ఆకారంలో బల్లలు, వాటి మీద మైకులు, సగం తాగిన టీ కప్పులు. గోడ నిండా ఊరి నీటి గొట్టాల మ్యాపు. వాల్వక్క కీ కింది కొన నేలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని నడిచింది. గచ్చు మీద గీత పడితే తుడిచేది కూడా తనలాంటి ఒక ఉద్యోగే కదా అని ఆవిడ లెక్క.

ఎదురుగా ఆర్థిక సంఘం అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. ఊరంతా ఆయన్ని కత్తెరాయన అంటారు. ముప్పై ఏళ్లు దర్జీ కొట్టు నడిపి కౌన్సిల్లోకి వచ్చాడు. అక్కడ గుడ్డలు కత్తిరించాడు, ఇక్కడ ఖర్చులు కత్తిరిస్తున్నాడు. పిల్లికి బిచ్చం పెట్టడు, అలాగని ఒక్క పైసా తన జేబులో వేసుకోడు. ఈ జీతాల పట్టిక ఆయన చేతి కుట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన వాల్వక్కకు సొంత అక్క మొగుడు.

"మేడం, ముందే చెప్పేస్తున్నా. వచ్చినావిడ నా మరదలు. చుట్టరికం చూసి జీతాలు పెంచానని రేపు ఎవరూ నన్ను అనకూడదు" అన్నాడు కత్తెరాయన.

"ఆ భయం మీకక్కర్లేదు మేడం" అంది వాల్వక్క. "మా బావ చుట్టరికం చూసి ఎవరికైనా ఏదైనా ఇచ్చాడంటే ముందు మా అక్కే నమ్మదు. ఇంట్లో మిక్సీ మార్చమని నాలుగేళ్లుగా మొత్తుకుంటోంది."

హాలు గొల్లుమంది. మేయరు కూడా నవ్వు దాచుకోడానికి గంట మోగించింది. కత్తెరాయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఐదు నిమిషాలు. చెప్పాల్సింది చెప్పమ్మా" అంది మేయరు.

"ఐదెందుకు మేడం, ఒక ప్రశ్న చాలు. అది మా బావకే." వాల్వక్క కీ భుజానికి ఆనించుకుంది. "బావా, నీ కొట్లో గుండీలు కుట్టే అబ్బాయి ఉండేవాడు. గుడ్డ కోసే మాస్టరు ఉండేవాడు. ఇద్దరికీ ఒకే జీతం ఇచ్చావా?"

"ఎందుకిస్తాను? గుండీ తప్పు కుడితే ఊడదీసి మళ్లీ కుట్టచ్చు. గుడ్డ తప్పు కోస్తే అతికేదెవరు?"

"మాదీ కోతే బావా. తప్పు తిప్పితే అతికేదెవరు?"

కత్తెరాయన నోరు తెరిచేలోగా పక్కనున్న పెద్ద ఇంజనీరు లేచాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాటకు ముందు చిన్న దగ్గు. ఊరూరా బదిలీల మీద తిరిగి పోయినేడాదే పెద్ద ఇంజనీరై ఇక్కడికొచ్చాడు.

"ఉపమానాలు బాగున్నాయి. కానీ నీళ్లు ఉపమానాలతో రావు." ఆయన గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్లి అడుగున ఉన్న అక్షరాల మీద పెన్ను ఆనించాడు. "ఇక్కడ స్పష్టంగా రాసి ఉంది. 'వాల్వులన్నియు ఎడమకు తిప్పిన తెరుచుకొనును, కుడికి తిప్పిన మూసుకొనును.' ఏ వీధికి ఏ వేళకు వదలాలో పక్కనే పట్టిక ఉంది. ఈ కాగితం చేతికిస్తే ఎవరైనా చేస్తారు. దీనికి నైపుణ్యం అనే పెద్ద మాట ఎందుకు?"

"ఎవరైనా అంటే మీరు కూడానా సార్?" అంది వాల్వక్క.

"ఆయనెందుకు, నేను చేస్తా!" కత్తెరాయన బల్ల మీద చరిచాడు. మిక్సీ మాట ఇంకా మండుతోంది మరి. "ఇనుము తిప్పడం బ్రహ్మవిద్యా? మ్యాపు చూసి నేనే తిప్పుతాను. నీళ్లొస్తే పట్టిక ఇలాగే పాస్ చేద్దాం. రాకపోతే నా పట్టిక నేనే చింపేస్తా. ఏమంటావు మరదలా?"

"సరే బావా. ఏది తిప్పుతావో నువ్వే ఎంచుకో."

ఆవిడకంత ధీమా ఎందుకంటే, ఏ వాల్వయినా కొత్తవాడి చేతికి తేలిగ్గా లొంగదు. ఒకటి సగం దాకా వచ్చి మొరాయిస్తుంది, ఒకటి గబుక్కున తెరిస్తే గొట్టం అదిరి ఎక్కడో అతుకు ఊడుతుంది. బావ ఏది పట్టుకున్నా చెమటలు పట్టాల్సిందే అనుకుంది.

కత్తెరాయన మ్యాపు ముందుకెళ్లి వేలు పెట్టాడు. "దూరం పోవడమెందుకు? మన గుమ్మం పక్కనే ఉంది. ఇదిగో, పదిహేడో నంబరు."

వాల్వక్క భుజానికి ఆనించిన కీని రెండు చేతులతో పట్టుకుంది.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పనివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ పనిలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే వాల్వక్క నేర్పే పాఠం ఒకటుంది. కాగితం మీద లేదు, నోటిమాటగానే వస్తోంది. "పదిహేడుతో జాగ్రత్త, అది తిక్కది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అన్నీ ఎడమకు తెరుచుకుంటే అది కుడికి తెరుచుకుంటుంది." అందరూ ఒప్పజెప్పేవరకు కీ చేతికివ్వదు.

సభ సభంతా వీధిలోకి నడిచింది. మధ్యాహ్నం మూడున్నర. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మేయరు గొడుగు వేసుకుంది, గంట కూడా వెంట తెచ్చుకుంది. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపారు. ఎదురు మందులషాపు వాళ్లు మెట్ల మీదికొచ్చారు. కౌన్సిలర్లు రోడ్డు మీద గుండ్రంగా నిలబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా, ఎవరో పోయారేమోనని ఒకాయన టోపీ కూడా తీశాడు.

పనివాళ్లలో ఒకడు మూత లేపాడు. వాల్వక్క కీ అందించింది. బరువుకు కత్తెరాయన భుజం ఒక పక్కకు ఒరిగింది. ఎలాగో లోపలికి దింపాడు, కొన వాల్వు తలమీద కూర్చుంది.

"ఇప్పుడిది మూసి ఉంది. నాలుగింటికి వదలాలి. అరగంట ముందు వదిలితే నష్టమేం లేదు. ఎడమకు తిప్పండి" అన్నాడు పెద్ద ఇంజనీరు.

కత్తెరాయన ఎడమకు తిప్పాడు. కదల్లేదు. కాళ్లు ఎడంగా పెట్టి మళ్లీ తిప్పాడు. ఇంత కూడా కదల్లేదు.

"తుప్పు పట్టి ఉంటుంది. ఆ కీ పిడికి ఒక పైపు తొడగండి, బలం పెరుగుతుంది" అన్నాడు ఇంజనీరు.

పైపు వచ్చింది. కత్తెరాయన చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరు కుర్ర కౌన్సిలర్లు కూడా చెయ్యేశారు.

వాల్వక్క చూస్తూ నిలబడింది. ఆవిడ దేవతేం కాదు, మనలాంటి మనిషే. ఊరుకుందామనుకుంది. నోరు మూసుకుంటే చాలు. ఇంకో పిసరు బిగిస్తే లోపల వాల్వు కాడ పుటుక్కున విరుగుతుంది. మ్యాపు అబద్ధమని ఊరందరి ముందూ తేలిపోతుంది, పట్టిక చినిగిపోతుంది, నలభైమందీ గెలుస్తారు. ఎవరూ ఆవిడను ఒక్క మాట అనలేరు. తిప్పింది ఆవిడ కాదు కదా!

కానీ పదిహేడు వెనక మూడు వీధులున్నాయి. మూడో వీధి చివర ప్రసూతి ఆసుపత్రి ఉంది. కాడ విరిగితే రోడ్డు తవ్వి కొత్తది బిగించడానికి మూడు రోజులు. పసిబిడ్డల గుడ్డలు దేంతో ఉతుకుతారు?

"ఆగు బావా!"

ఆ కేకకు పైపు వాళ్ల చేతుల్లోంచి జారింది. వాల్వక్క గబగబా వచ్చి కీ మీద చెయ్యేసింది.

"ఇంకొక్క పిసరు తిప్పితే విరిగిపోతుంది. ఇది తెరుచుకునేది కుడికి. ఈ ఊళ్లో ఇదొక్కటే అలాంటిది."

"అసంభవం" అన్నాడు ఇంజనీరు. "మ్యాపులో..."

"మ్యాపుకేం తెలుసు సార్, అది గోడ మీదుంది. బావా, ఇలా రా. చెవి ఈ కడ్డీకి ఆనించు. సిగ్గుపడకు, మేమందరం రోజూ చేసేదే. ఆనించు!"

కత్తెరాయన చుట్టూ చూశాడు. తర్వాత వంగి, కోడలి గదిలో మాటలు వినే అత్తగారిలా, ఇనుప కడ్డీకి చెవి ఆనించాడు.

"ఏమన్నా వినబడుతోందా?"

"ఏం లేదు."

"సరే. ఇప్పుడు విను." వాల్వక్క కుడికి పావు చుట్టు తిప్పింది. బలం పెట్టలేదు, మణికట్టుతోనే.

కత్తెరాయన కళ్లు పెద్దవయ్యాయి. "ఈల వేస్తోంది..."

"సన్నగానా, లావుగానా?"

"సన్నగా. సూదిలోంచి దారం లాగినట్టు."

"నీళ్లు ఇరుకులోంచి దూరుతున్నాయన్నమాట. ఇక్కడ ఆగాలి. గొట్టంలో గాలి పోయేదాకా ఆగకపోతే ఆ మూల అతుకు ఊడుతుంది. నేను వంద లెక్కపెడతా. ఆ ఈల లావెక్కగానే చెప్పు."

ఇంతమంది పెద్దమనుషులు ఒక దర్జీ చెవి వంక చూస్తూ నిలబడ్డారు. లెక్క డెబ్బై దాటాక కత్తెరాయన చెయ్యెత్తాడు. "మారింది మరదలా! ఇప్పుడు గురకలా ఉంది!"

వాల్వక్క ఇంకో చుట్టు తిప్పింది, ఇంకొకటి. మందులషాపు పక్కన వీధి కుళాయి రెండుసార్లు తుమ్మి, దగ్గి, ధారగా పోసింది. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. టోపీ తీసినాయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

కత్తెరాయన నెమ్మదిగా నడుం ఎత్తాడు. చెంప మీద తుప్పు మరక. కండువాతో తుడుచుకోబోయి మానేశాడు.

"మేడం" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "నా దగ్గర పనిచేసిన మాస్టరు గుడ్డ ముట్టుకుని చెప్పేవాడు, ఇది ఉతికితే ఎంత కుదించుకుంటుందో. కొలబద్ద చెప్పని మాట అతని వేళ్లు చెప్పేవి. అతనికి నేనెప్పుడూ జీతం తగ్గించలేదు. వీళ్లను కూలీల వరసలో రాసింది నేనే. తప్పు రాశాను. ఆ పట్టిక నేనే చింపేస్తున్నా." జేబులోంచి కాగితాలు తీసి, మడత మీద గోటితో ఒకసారి గీసి, దర్జీ పద్ధతిలో సూటిగా రెండు ముక్కలు చేశాడు. "నైపుణ్యం ఉన్న వరసలో కొత్త పట్టిక రాద్దాం. మొదటి ఓటు నాది."

వాల్వక్క కళ్లు చెమర్చాయి. బావను పాతికేళ్లుగా ఆటపట్టిస్తోంది కానీ ఇంత గొప్పవాడని ఎప్పుడూ అనుకోలేదు. మిక్సీ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది.

"ఒక్క నిమిషం." పెద్ద ఇంజనీరు దగ్గాడు. "ఓటు తర్వాత. ముందు నాకొకటి తెలియాలి. ఈ వాల్వు తిరకాసుదని వీళ్లందరికీ తెలుసు. ఆఫీసుకు మాత్రం తెలియదు. అంటే ఇన్నేళ్లుగా దాచారన్నమాట! రేపు నిప్పంటుకుని అగ్నిమాపకం వాళ్లు మ్యాపు చూసి తిప్పితే? దీన్ని నైపుణ్యం అనరు మేడం, మోసం అంటారు. దాచినవాళ్లకు జీతం పెంచుతామా? దీన్ని ఎవరు బిగించారో, ఎవరు రాయకుండా వదిలేశారో ముందు తేలాలి. వాళ్ల ఉద్యోగం తీసేశాకే మిగతా మాట."

కౌన్సిలర్లలో గుసగుసలు మొదలయ్యాయి. అదీ నిజమే కదా అని ఇద్దరు ముగ్గురు తలలాడించారు. గెలిచిన ఓటు గట్టుకొచ్చి మళ్లీ నీళ్లలోకి జారుతోంది.

మేయరు గొడుగు మూసింది. "సూటిగా అడుగుతున్నాను. ఎవరు బిగించారు?"

పనివాళ్లందరూ తలలు దించుకున్నారు. తెలిసి కొందరు, తెలియక కొందరు.

"నేనే మేడం" అంది వాల్వక్క.

కుండబద్దలు కొట్టినట్టే చెప్పింది, గొంతు కూడా తగ్గించలేదు. "ఇరవై ఆరేళ్లయింది. చేరి రెండేళ్లయినా కాలేదు నాకు. ఈ మూల గొట్టం పగిలి రోడ్డు చెరువైంది. స్టోరులో ఆ సైజుది ఒకటే వాల్వు ఉంది. దాని తల మీద బాణం గుర్తు ఉంటుంది, ఎటు తిప్పాలో. అది చూసి బిగించాలి. నేను చూడలేదు. నీళ్లు వదిలాకే తెలిసింది తిరకాసుదని. తప్పు నాదే. అందుకే వచ్చినవాళ్లందరికీ ముందు ఆ తప్పే నేర్పాను. వీళ్లెవరికీ ఇందులో పాపం లేదు. నా కీ తీసుకోండి, వీళ్ల జీతం వీళ్లకివ్వండి."

"మరదలా!" అన్నాడు కత్తెరాయన.

ఒక్క మాట మాత్రం ఆవిడ చెప్పలేదు. ఆ రోజు పక్కన ఒక ఓవర్‌సీర్ ఉన్నాడు. కొత్తగా చేరిన సన్నటి మనిషి, అప్పుడప్పుడే మీసం పెంచుతున్నాడు. బురదలో మోకాళ్ల దాకా దిగబడి ఏడ్చినంత పనిచేశాడు. "ఇది రాస్తే నా మొదటి ఉద్యోగం పోతుందక్కా. సరిగ్గానే ఉందని నేను రిజిస్టర్లో రాసేస్తా. నువ్వు గుర్తుపెట్టుకో చాలు. ఎవరికీ నా పేరు చెప్పనని మాటివ్వు." మాటిచ్చింది. ఆ తర్వాత అతను బదిలీ మీద వెళ్లిపోయాడు. ఊళ్లు తిరిగాడు, పదవులెక్కాడు, మీసం తీసేశాడు. పోయినేడాది పెద్ద ఇంజనీరై తిరిగొచ్చాడు. వాల్వక్క మొదటిరోజే గుర్తుపట్టింది. ఆయన మాత్రం ఆవిడను గుర్తుపట్టలేదు. బురదను మనుషులు త్వరగా కడిగేసుకుంటారు.

"ఒప్పుకుంది చూశారా!" పెద్ద ఇంజనీరు రికార్డు గుమాస్తా వైపు తిరిగాడు. "ఆ సంవత్సరం పనుల రిజిస్టరు తెండి. కాగితం మీద కూడా తేలనీయండి."

"పుస్తకం వద్దు సార్" అంది వాల్వక్క. మొదటిసారి ఆవిడ గొంతులో తడబాటు వచ్చింది. "నేనే ఒప్పుకుంటున్నాను కదా. ఇంకా దేనికి?"

"ఇప్పటిదాకా లేని భయం ఇప్పుడొచ్చిందే! తెండి, తెండి."

గుమాస్తా పరుగున వెళ్లి దుమ్ము పట్టిన అట్టల పుస్తకం పట్టుకొచ్చాడు. మందులషాపు అరుగు మీద పెట్టి పేజీలు తిప్పాడు. ఒక చోట ఆగాడు. చదివాడు. తలెత్తి పెద్ద ఇంజనీరు మొహం చూశాడు, మళ్లీ పేజీ చూశాడు, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమిటా నీళ్లు నమలడం? నేనే చదువుతాను." పెద్ద ఇంజనీరు కళ్లజోడు పెట్టుకుని, అందరికీ వినబడేలా గొంతు సవరించుకున్నాడు. "పదిహేడో నంబరు వాల్వు మార్చబడినది. బిగించినవారు..." వాల్వక్క పేరు చదివి విజయంగా చుట్టూ చూశాడు. తర్వాత కింది వరసలోకి దిగాడు. "స్వయముగా తిప్పి చూచితిని. సక్రమముగా ఎడమకు తెరుచుకొనుచున్నది. ఇట్లు..."

అక్కడ ఆయన గొంతు ఆగిపోయింది. వాల్వు గుంతలోంచి నీళ్ల చప్పుడు పైకి వినబడుతోంది.

ఆయన తల తిప్పి వాల్వక్క వంక చూశాడు. ఏడాదిగా రోజూ చూస్తున్న మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, నేను చెప్పలేదు సార్ అన్నట్టు.

మేయరు గంట ఒకసారి మోగించింది.

"చదవండి ఇంజనీరుగారూ. ఆ సంతకం ఎవరిది?"